వీసాకు ముందు వాత

మా ఊరికి వచ్చిన రెండో కువైట్ వీసా హనుమంతమ్మది. మొదటిది తిమ్మక్కది. ఆమె అక్కడ ఒక ఇంట్లో పని చేస్తూ, పక్కింటి వాళ్ళు పిల్లల్ని చూసుకునే పనిమనిషి కావాలంటే స్నేహితురాలిని తలుచుకుని వీసా పంపింది. ఎనభై రెండో, ఎనభై మూడో సంవత్సరం. తనకల్లు చుట్టుపక్కల వేసిన చెనక్కాయ విత్తనం కూడా తిరిగి రాని కాలం.

హనుమంతమ్మ మొగుడు పాము కరిచి చనిపోయాడు. పిల్లల్లేరు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. అందుకని అత్త బయమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఉండిపోయింది అనడం మర్యాద కోసం. గొర్రెలు, చేను, వంట, నీళ్ళు, అన్నీ ఆమే. తిట్లు అదనం. ఆ ఇంట్లోంచి బయటపడితే చాలు అనుకుంది. కువైట్ ఏ దిక్కున ఉందో కూడా ఆమెకు తెలియదు.

జీతం అడగని మనిషిని ఏ అత్త వదులుకుంటుంది? కానీ వీసా వచ్చినాక వద్దంటే ఊరు నోరు మూసుకోదు. బయమ్మ అందరి ముందూ "పోయిరానీలే, నా బిడ్డ మాదిరి" అంది.

హనుమంతమ్మ గొర్రెల వెంట పోయిన పూట కదిరి ఏజెంటు వచ్చి, బయమ్మతో చెప్పి పోయాడు. "వచ్చే వారం మద్రాసులో డాక్టరు చూస్తాడు. ఒంటిమీద పుండు గిండు ఉండకూడదమ్మా. ఉంటే ఫెయిల్ చేస్తారు. కువైటోళ్ళు ఇంక ఎదురు చూడరు. జాగ్రత్తగా చూసుకోండి."

బయమ్మ బాగానే చూసుకుంది. ఆ మాట కోడలికి చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కోడల్ని పిలిచి, కంటి రెప్ప కిందికి లాగింది.

"కండ్లు పచ్చగుండాయి కదమ్మే."

"ఎండకేమో అత్తా."

"ఎండకు ఎర్రగైతాయి, పచ్చగ యాడైతాయి? కామెర్లే ఇవి. మద్రాసు డాక్టరు చూస్తానే పట్టేస్తాడు."

హనుమంతమ్మ అద్దం తీసుకుని వాకిట్లోకి పరుగెత్తింది. భయంతో చూసుకుంటే ఎవరి కళ్ళయినా పచ్చగానే కనబడతాయి. మా వైపు కామెర్లంటే వాతే. నాకూ చిన్నప్పుడు పెట్టించారు, మచ్చ ఇంకా ఉంది. ఆస్పత్రి మాట ఎవరికీ తట్టదు. ఆమే అడిగింది, "అంజినప్ప దగ్గరికి పిల్చుకపో అత్తా" అని.

"నీ ఇష్టమమ్మే" అంది బయమ్మ.

అంజినప్ప కళ్ళు చూసే రకం కాదు. కామెర్లని వచ్చిన వాళ్ళకు వాత పెట్టి పంపడమే ఆయన పని. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి రెండు ముంజేతుల మీదా పెట్టాడు. హనుమంతమ్మ అరవలేదు. "ఇంగొంచెం గట్టిగ పెట్టన్నా, డాక్టరుకు పచ్చ కనపడకూడదు" అంది.

మద్రాసు పోయేసరికి వాతలు చీము పట్టాయి. నెత్తురు పరీక్ష చేసి కామెర్ల జాడే లేదన్నారు. చేతులు చూసి మాత్రం ఫెయిల్ చేశారు. "పసిపిల్లలకు అన్నం పెట్టే చేతులా ఇవి?" అన్నాడట డాక్టరు. తిరుగు రైల్లో ఏజెంటు దారి పొడుగునా తిట్టాడు.

"మీ అత్తకు అంత వివరంగా చెప్పి పోతినే, గాయం ఉండకూడదని."

హనుమంతమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ కువైట్ ఇంటికి వేరే ఊరి ఆడమనిషి పోయింది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడి ఉన్నారు. మంచిదే అనుకుని, అందరి ముందే అడిగేసింది.

"నా నెత్తుర్లో కామెర్లు లేనే లేవంట అత్తా. గాయం ఉండకూడదని ఏజెంటు నీకు ముందే చెప్పినాడంట."

బయమ్మ తడబడలేదు. "చెప్పినాడు. వీసా ముఖ్యమా, పానం ముఖ్యమా? వాత పెట్టిస్తిమి కాబట్టే గదా, నెత్తుర్లో లేకుండ పోయింది."

ఆడవాళ్ళందరూ తలూపారు.

"నిజమే గదమ్మే" అంది పక్కింటి లక్ష్మక్క. "ఇంగొకరైతే దుడ్ల ఆశకు నిన్ను అట్లే పంపిద్దురు. మీ అత్త కాళ్ళకు మొక్కు."

ఎగతాళికి కాదు, మనసారా అన్న మాటే అది. హనుమంతమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. తన వైపు మాట్లాడే మొహం ఒక్కటీ లేదు. వంగింది. గుడ్డ చుట్టిన చేతులతో అత్త పాదాలు తాకింది.

బయమ్మ ఆమె తల నిమిరింది.

"లెయ్యమ్మే. గొర్రెలు పొద్దున్నుంచి దొడ్లోనే ఉండాయి."