ప్లేటులో లేని పేరు

"ముప్పైమంది వస్తారు. ఉప్పిట్టుకు రవ్వ చాలుతుందో లేదో చూసుకో. మళ్ళీ ఏడ్చుకుంటా కూచుంటివంటే బాగుండదు" అని చెప్పి వెంకటగిరియప్ప నడవలోకి వెళ్ళి చాపలు పరిపించడంలో పడ్డాడు.

చౌడమ్మ రవ్వ వేయిస్తోంది. ఏడవడం లేదు. మరిది నాగరాజు పోయి పదిహేను రోజులైంది. ఈ పదిహేను రోజుల్లో ఆమె ఏడ్చింది ఒక్కసారి, అదీ సగమే. అయినా మొగుడి కళ్ళకు ఆమె ఎప్పుడూ ఏడుస్తున్నట్టే కనబడుతుంది. పొయ్యి పొగకు కళ్ళు తుడుచుకున్నా అదే మాట, ఉల్లిపాయలు తరిగినా అదే మాట. ఇవాళ నాటకం కంపెనీ వాళ్ళూ పేటలోని పెద్దమనుషులూ ఇంటికొచ్చి నాగరాజును తలుచుకుంటారట. తలుచుకునేది వాళ్ళు. వాళ్ళకు ఉప్పిట్టు, కాఫీ చేసేది ఆమె. యుద్ధం పుణ్యమా అని చక్కెర దొరకలేదు. బెల్లం కాఫీయే పోయాలి.

నగర్తపేటలో జరీ అంగడి వెంకటగిరియప్ప అంటే తెలియనివాళ్ళు కూడా రాణివేషం నాగరాజప్ప అంటే చేతులు జోడించేవాళ్ళు. ఇరవై ఏళ్ళు ఆడవేషాలే కట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. తుమకూరు క్యాంపులో జ్వరం రొమ్ముకు దిగి, మూడు రోజుల్లో ప్రాణం పోయింది. బొగ్గుతో నడిచే లారీలో తెచ్చి నడవలో పడుకోబెట్టారు. అతని కనుబొమల సందున కాస్త వేషం రంగు ఇంకా మిగిలే ఉంది. క్యాంపు ముగించుకుని ఇంటికొచ్చిన ప్రతిసారీ నాగరాజు నేరుగా వంటింటి గడప మీద కూర్చుని, "వదినా, కొంచెం టెంకాయ నూనె" అనేవాడు. ఆ రంగు తుడుచుకుంటూ కబుర్లు చెప్పేవాడు. తుడుచుకున్నాక చిక్కుడుకాయల చాట ముందుకు లాక్కుని ఒలిచేవాడు. "వేషాలు కట్టీ కట్టీ ఆడదైపోయినాడు మావాడు" అని వాళ్ళన్న ఎగతాళి చేసేవాడు. "అయితే నీకేం నష్టమప్పా, ఒలిచిన కాయలు తినేది నువ్వే గదా" అనేవాడు నాగరాజు.

ఆ రోజు ఆ రంగు చూడగానే చౌడమ్మ నూనె గిన్నె కోసం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయి, కడుపులోంచి శోకం తన్నుకొచ్చింది. రెండు పాదాలు నోటినుంచి వచ్చాయో లేదో, పక్కింటి సుశీల కళ్ళు పెద్దవి చేసి, "అయ్యో, అచ్చం గ్రామఫోను ప్లేటులో మాదిరే ఉండాది!" అంది. "ఔనే, ఆ రాగమే. మరిది పాట బాగా నేర్చుకుండాది పాపం" అందింకో ఆమె. శవం ముందు కూర్చున్న ఆడవాళ్ళ ముఖాల్లో మెచ్చుకోలు కనబడింది. వెంకటగిరియప్ప వంగి చెవిలో అన్నాడు: "సాకు, ఇంక చాలు, నిలుపు. నాటకమాడేవాడే పోయినాడు, ఇంట్లో నాటకమెందుకు?"

ఆమె నోరు మూసుకుంది. ఈ ఏడుపు నాదే, వాడు నా దగ్గర తీసుకున్నాడు అని ఎవరితో చెప్పుకోవాలి? సాక్ష్యం చెప్పగలిగినవాడు ఒక్కడే. వాడు కళ్ళు మూసుకుని చాప మీద పడుకుని ఉన్నాడు.

ఇరవైరెండేళ్ళ కిందటి మాట. చౌడమ్మ తొలికానుపు బిడ్డ పదకొండు నెలలు బతికి, దగ్గు జ్వరంతో పోయింది. బిడ్డకు తన అమ్మమ్మ పేరు పెట్టుకుంది చౌడమ్మ. నీలక్క. "మగబిడ్డ పుట్టినప్పుడు చేద్దాంలే పేరు పెట్టే సంబరం" అంది అత్త భాగీరథమ్మ. ఇంట్లో అందరికీ అది 'పిల్ల'. పిల్ల ఏడుస్తా ఉండాది, పిల్లను ఎత్తుకో, పిల్ల పోయింది. నీలక్కా అని పిలిచేది తల్లి ఒక్కతే. "చంటిదానికి శోకాలు పెడతారా యాడైనా? వేరే పనిలో పడితే అదే పోతుంది" అని మూడోనాడే అత్త ఆమెను రాట్నం ముందు కూర్చోబెట్టింది. అప్పట్లో ఇంటి వెనక రెండు మగ్గాలుండేవి. మగ్గాలకు కండెలు చుట్టేది చౌడమ్మే. రాట్నం తిప్పుతూ, పాలకు తడిసిన రవిక ఒంటికి అంటుకుపోతుంటే, ఆమె తనకు తెలియకుండానే పాడుకుంది.

*రొమ్ము బరువాయెనే, ఒడి తేలికాయెనే, నీలక్కా...*

రాట్నం ఎంత వేగంగా తిరిగితే పాట అంత వేగంగా నడిచేది. దారం తెగినచోట పాట ఆగేది. కొసలు వెతికి ముడేసుకున్నాక మళ్ళీ సాగేది. ఎదురుగా గోడకానుకుని దారం చిలపలు విడదీస్తూ పదిహేడేళ్ళ నాగరాజు కూర్చుని ఉండేవాడు. చేతిలో పని ఆపి ఆమెనే చూసేవాడు. అన్ని రోజుల్లోనూ వాడొక్కడే ఆమెను చూసింది.

మొగుడు మాత్రం ఆ పేరు ఎత్తలేదు. అప్పుడూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. ఇద్దరు కొడుకులు పుట్టారు, వాళ్ళ పేరు పెట్టే సంబరాలు జరిగాయి, ఇంట్లోవాళ్ళు పిల్లను మరిచిపోయారు. ఆయన మరిచిపోలేదనే చౌడమ్మ నమ్మకం. మగవాడు, అంగడి చూసుకునేవాడు, ఏడిస్తే నలుగురూ నవ్వుతారు, అందుకే గుండెలో అదిమిపెట్టుకున్నాడు అనుకుంది. ఆయన మాటల్లోని ముల్లును, పరాకును, కంచం ముందు ఆయన ముఖం చిట్లింపును ఆ ఒక్క తలంపుతో సర్దుకుంటూ వచ్చింది. పాపం, ఆయన లోపలా ఒక బిడ్డ ఉంది. ఆ పేరెత్తి ఆయన్ను నొప్పించకూడదని తనూ మింగేసింది.

ఆరేడేళ్ళ తర్వాత కలాసిపాళ్యం మైదానంలో నాగరాజు కంపెనీ డేరా వేసింది. ఆడవాళ్ళ వైపు కూర్చుని చౌడమ్మ చూస్తోంది. చచ్చిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని రాణి ఏడ్చే రంగం. *రొమ్ము బరువాయెనే...* అని నాగరాజు ఎత్తుకున్నాడు. దారం తెగినచోట వాడూ ఆగాడు. ముడేసినంత సేపు డేరాలో చీమ చిటుక్కుమనలేదు. మళ్ళీ ఎత్తుకోగానే జనమంతా గొల్లుమంది. నీలక్క అనే చోట మాత్రం మణిధరా అన్నాడు, నాటకంలో రాకుమారుడి పేరు.

దోవలో వెంకటగిరియప్ప అన్నాడు: "చూస్తివా? ఆడదై పుట్టినవాళ్ళు కూడా అట్లా ఏడ్వలేరు. నువ్వూ ఏడుస్తావు, ముక్కు చీదుకుంటా. వాణ్ణి చూసి నేర్చుకో."

మరుసటిరోజు నాగరాజు వంటింటి గడప మీద కూర్చున్నాడు. నూనె అడగలేదు. తలెత్తలేదు.

"వదినా, కొట్టాలనుంటే కొట్టు."

"బాగా పాడినావులే."

"అందరికీ చెప్తాను, ఇది మా వదినదని."

"చెప్పి నన్ను బజార్న పెడతావా? మీయన్నకు ఎంత నొప్పో నీకు తెల్దు. వద్దు."

వాడు లేస్తూ అన్నాడు: "అంతా తీసుకుంటిని వదినా. పేరు మాత్రం తీసుకోలేదు. అది నీకే ఇడిచిపెట్టినాను."

తర్వాత ఆ పాట గ్రామఫోను ప్లేటుగా వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా వెంకటగిరియప్ప ఆ ప్లేటు పెట్టించేవాడు. చుట్టాలు కళ్ళు తుడుచుకుంటుంటే చౌడమ్మ వాళ్ళకు కాఫీ అందించేది. అన్నేళ్ళూ తన బిడ్డ చావును అలా లోటాలు పట్టుకుని విన్నది.

మూడు గంటలకు నడవ నిండిపోయింది. నాగరాజు పటానికి మల్లెపూల దండ వేశారు. వంటింటి తలుపు వెనక నిలబడి చౌడమ్మ వింటోంది. కంపెనీ మేనేజరు మునినారాయణప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఆయనకు పెండ్లి లేదు, బిడ్డల్లేరు. రొమ్ము బరువాయె, ఒడి తేలికాయె అనే మాట ఆయన నోట ఎట్లా పుట్టిందప్పా? దేవుడిచ్చింది, ఇంకేమి! ఇంగ ఆ నడిమధ్యలో ఆ నిలుపు! యే గురువు నేర్పగలడు ఆ నిలుపును?"

దారం తెగింది స్వామీ, అనుకుంది చౌడమ్మ. పురి చాలని దారం. పొద్దుకు ఇరవైసార్లు తెగేది.

"బేగ కాఫీ తే" అని వెంకటగిరియప్ప లోపలికి కేకేసి, కీ ఇచ్చి ప్లేటు మీద ముల్లు పెట్టాడు. కాఫీ లోటాల పళ్ళెంతో ఆమె నడవలోకి వచ్చేసరికి నాగరాజు గొంతు పలికింది. చచ్చిపోయినవాడు ఎంత స్పష్టంగా పలికాడంటే చౌడమ్మ గోడవైపు చూసింది. చిలపలు విడదీస్తూ వాడు ఆనుకున్న ఆ గోడ దగ్గర ఇప్పుడెవరో పెద్దమనిషి ఆనుకుని ఉన్నాడు. *రొమ్ము బరువాయెనే, ఒడి తేలికాయెనే...* నిలుపు వచ్చింది.

ఆ నిలుపులో, మణిధరా అని ప్లేటు అనేలోపలే, చౌడమ్మ అంది. "నీలక్కా..."

గొంతు బాగాలేదు. ముక్కు దిబ్బడేసింది. లోటాలు గలగలమన్నాయి. ఆమె పళ్ళెం కింద పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడింది.

మునినారాయణప్ప మర్యాదగా వంగాడు. "అమ్మా, ఆ చోట మణిధరా అని గదా ఉండేది?"

వెంకటగిరియప్ప సిగ్గుతో అటూ ఇటూ చూసి, ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏమే ఇది? నీలక్క యెవరు?"

చౌడమ్మ తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. కోపం ఉంది, చిరాకు ఉంది. దాచిపెట్టుకున్నది మాత్రం ఏదీ లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. ఇరవైరెండేళ్ళుగా ఏ నొప్పికి అడ్డంగా తన చెయ్యి పెట్టి కాపాడుతూ వచ్చిందో, ఆ నొప్పి అక్కడ లేదు. ఎప్పుడూ లేదు.

"లే. ఉప్పిట్టు చల్లారిపోతా ఉండాది" అన్నాడు.

ఆమె లేవలేదు. "ఆ ముల్లు తీసెయ్యప్పా" అంది మునినారాయణప్పతో. ఆయన తనకు తెలియకుండానే తీశాడు. ప్లేటు మూగగా తిరుగుతోంది.

"నీలక్క నా బిడ్డ. ఈ ఇంట్లో నాగరాజుకు ఒక్కడికే తెలుసు."

కొంగు మోకాళ్ళ మీద పరుచుకుని, రాట్నం ముందు కూర్చున్నట్టు సర్దుకుని, చౌడమ్మ మొదటినుంచి ఎత్తుకుంది. మొదటి పాదంలో నీలక్కను పిలిచింది. దారం తెగినచోట ఆగింది. రెండో పాదంలో నాగరాజును పిలిచింది.