మెట్టవీధి నీళ్ళకు అడ్డుపడ్డ చక్రం

నేను ఒక చక్రాన్ని. రోడ్డు మీద దొర్లేదాన్ని కాను, మంచినీళ్ళ గొట్టం లోపల తిరిగేదాన్ని. నీళ్ళు తోసుకుంటూ పోతే నా రెక్కలు తిరుగుతాయి. నా ఇరుసుకు తగిలించిన డబ్బాలో కరెంటు పుడుతుంది. కాయితాల్లో నా పేరు టర్బైను. నాకు ఇంకా ఏడాది నిండలేదు. ఇంతలోనే బాగా అలిసిపోయాను.

నన్ను పోతపోసింది పట్నంలో ఒక రేకుల షెడ్డులో. మస్తాన్ అనే ముసలి మేస్త్రీ నా అయిదు రెక్కల్నీ ఆకురాయితో అరగదీసి, బొటనవేలితో తడిమి చూసి, "ఇంక పో, నీళ్ళలో బతుకు" అన్నాడు. నాతో మాట్లాడింది అతనొక్కడే. మిగిలినవాళ్ళంతా నా గురించి కాయితాలు రాసుకున్నారు.

ఆ కాయితాల్లో ఉన్నది ఇది. కొత్తగెడ్డ అనే ఊళ్ళో కొండ మీద నీళ్ళ ట్యాంకు ఉంది. గొట్టం కొండ దిగి ఏడు వీధులకు పోతుంది. దిగే నీళ్ళకు ఒత్తిడి ఎక్కువ, అది ఊరికే పోతోంది, గొట్టంలో చక్రం పెడితే వీధిదీపాలు వెలుగుతాయి. చదవడానికి బాగానే ఉంది. కానీ ఊరికే పోతోందన్న ఆ ఒత్తిడే ఊరి చివర ఎత్తు మీదున్న మెట్టవీధికి నీళ్ళను ఎక్కిస్తోంది. కాయితం రాసినవాళ్ళు మెట్టవీధి ఎక్కి చూడలేదు.

కొండ కింద నన్ను గొట్టంలో బిగించారు. నాకు ముందొకటి, వెనకొకటి ఒత్తిడి చూపే ముళ్ళ గడియారాలు పెట్టారు. నేను చెడిపోతే నీళ్ళు ఆగకుండా నా పక్కనుంచి ఇంకో గొట్టం వేసి, దానికి తాళం వేశారు. ప్రారంభం రోజున పెద్దలు వస్తున్నారని ఇంజనీరు సీతాపతి గారు వాల్వులు తిప్పే సన్యాసమ్మను పిలిచి, ఏడు వీధుల వాల్వులూ కట్టించి నీళ్ళు ఆపించారు. కింద గెడ్డ వాగులోకి పోయే పెద్ద వాల్వు తెరిపించారు. ట్యాంకెడు మంచినీళ్ళు నాలోంచి దూకి గెడ్డలో కలిశాయి. పట్టపగలు దీపాలు ధగధగా వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నా పరీక్ష కూడా ఆ పూటే అయిపోయింది. వీధుల్లో నీళ్ళు ఎలా వస్తాయో చూసే పని ఎవరికీ పడలేదు, ఆ పూట వీధులకు నీళ్ళే లేవు కనుక.

మర్నాటినుంచి అసలు బతుకు. కొత్తగెడ్డలో నీళ్ళు వంతుల ప్రకారం వస్తాయి. రోజుకు రెండు వీధులు, వీధికి ఒక గంట. ఆ గంటసేపు తిరగడం, ఆగడం, తుప్పు నీళ్ళు మింగడం, మళ్ళీ తిరగడం. అందులో నాకు ఏ పేచీ లేదు. మెట్టవీధి వంతు వచ్చినప్పుడే నా రెక్కలు బరువెక్కేవి. నేను తీసుకోగా మిగిలిన ఒత్తిడితో నీళ్ళు సగం ఎత్తు ఎక్కి నిలిచిపోయేవి. పై ఇళ్ళ కొళాయిలు బుస్సుమని గాలి వదిలేవి.

ఆడవాళ్ళు బిందెలతో గెడ్డకు నడిచారు. ఒక నెల చూశారు, రెండు నెలలు చూశారు. ఆ తరవాత దిగి వచ్చి సన్యాసమ్మ మీద పడ్డారు. ముందు నిలబడింది గున్నమ్మ.

"ఏటే వొదినా, మా వంతు నీల్లు ఎవులికి అమ్మీసినావు?"

"అమ్మడానికి నీల్లు నా కొంగులో కట్టుకున్నానేటే? ఇదిగో, ఇప్పి సూసుకో."

"నీ మొగుడున్నప్పుడు మా కొళాయి ఇలగ సావనేదు. ఆడు పద్దెనిమిది సుట్లూ తిప్పీవోడు. నువ్వు పదికే సేతులు దులిపీసుకుంతన్నావు."

వాల్వులు తిప్పే ఉద్యోగం సన్యాసమ్మకు మొగుడు పోయాకే వచ్చింది. వాల్వు పూర్తిగా తెరుచుకోవాలంటే పద్దెనిమిది చుట్లు, ఆమె పద్దెనిమిదీ తిప్పేది. ఇనప కడ్డీతో తిప్పినప్పుడల్లా పైకే లెక్కపెట్టేది, నేను వినేదాన్ని. కానీ చక్రం సాక్ష్యం ఎక్కడ చెల్లుతుంది? మెట్టవీధివాళ్ళు అర్జీ పెట్టారు. పది రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే పనినుంచి తీసేస్తామని ఆమెకు నోటీసు వచ్చింది. తప్పు చేసింది నేను. ఉద్యోగం పోయేది ఆమెకు.

ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. నోటీసు వచ్చిన మర్నాడు గొట్టం చుట్టూ నేల కింద కట్టిన నా గదిలోకి దిగి, నా ముందున్న ముల్లు చూసింది, వెనకున్న ముల్లు చూసింది. మళ్ళీ ముందుకు వచ్చి చూసింది. నోటీసు వెనకవైపు పెన్సిలుతో నాలుగు అని ఒకటి, రెండు అని ఒకటి వేసింది. ఎనిమిది రోజులు అలాగే వేసింది. తొమ్మిదో రోజున, మెట్టవీధి వంతు గంటలో, సీతాపతి గారిని నా దగ్గరికి తీసుకొచ్చి ఆ కాయితం చేతిలో పెట్టింది.

"ఇటు నాలుగు, అటు రెండు. మజ్జిలో రెండూ ఇది తినేస్తంది బాబూ."

"అది లెక్కలో ఉన్నదేనమ్మా. ప్రారంభం రోజున అన్నీ చూసే ఒప్పుకున్నారు."

"ఆ దినం ఈదులన్నీ కట్టీసినాం కదా బాబూ. ఏ కొళాయిని సూసినారు?"

ఆయన చుట్టూ చూశారు. "ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"మీరు సెప్పినారు, నాను తిప్పినాను. నా తప్పూ ఉంది. జవాబులో అదే రాయించీసుకోండి. పద్దెనిమిది సుట్లూ తిప్పనేదంతే మాత్రం నానొప్పుకోను."

ఆ జవాబు పైకి వెళ్తే ముందు పోయేది ఎవరి పరువో సీతాపతి గారికి తెలుసు. నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నారు. పక్క గొట్టం తాళంచెవి తీసి ఆమెకిచ్చారు.

"ఇది చెడిపోయిందని రాస్తాను, నీ నోటీసుకు అదే జవాబు. తెరువు."

నాకు ఏమీ కాలేదు. రెక్కలన్నీ బాగానే ఉన్నాయి. కాదని చెప్పేందుకు నాకు ఓపిక లేదు, అవసరమూ కనబడలేదు. సన్యాసమ్మ పక్క గొట్టం తెరిచి, నా వాల్వు కట్టడం మొదలుపెట్టింది. చుట్టు చుట్టుకీ నేను నెమ్మదించాను. పక్కన ఇనుము అవతల నీళ్ళు నన్ను వదిలేసి, మొత్తం ఒత్తిడితో, పరుగెత్తుతూ పోతున్నాయి.

కాసేపటికి మెట్టవీధి మీదనుంచి గున్నమ్మ గొంతు కిందిదాకా వినబడింది. "వొచ్చినాయే! వొదినా, నీల్లొచ్చినాయే!"

సన్యాసమ్మ కడ్డీ గోడకు ఆనించి, నా మీద కప్పిన రాతిపలక మీద కూలబడింది. ఆమె బరువు నాకు తెలుస్తూనే ఉంది. అప్పటికి నేను పూర్తిగా ఆగిపోయాను.