ఎత్తని చెయ్యి

గౌలిపురలో బాలనర్సింహను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. గల్లీ అంతటికీ ఆయన సెక్రెటరీ సాబ్. చేసే పని మాత్రం బస్సు డిపోలో మెకానిక్కు. సెక్రెటరీ అయింది గౌలిపుర స్టార్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుకు. దానికి జీతం లేదు, కుర్చీ లేదు, ఆఫీసు అసలే లేదు. క్లబ్బు కాగితాలన్నీ ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఒక రేకు పెట్టెలో ఉండేవి. ఆయన భార్య ఆండాలు టీము బనీన్లు ఉతికి దండెం మీద ఆరేసిందంటే, ఇక మర్నాడు మ్యాచి ఉందని అందరికీ తెలిసేది.

ఆడేవాళ్లంతా బర్లున్న ఇండ్ల పిల్లలు, రోజు కూలికి పోయే ఇండ్ల పిల్లలు. పొద్దున్నే పాలు పిండి, ఇండ్లిండ్లకు పోసొచ్చి, ఆ చేతులు కడుక్కోకుండానే మైదానానికి ఉరికేవాళ్లు.

అప్పట్లో నగర లీగులో రెండు డివిజన్లు. ఎ డివిజన్‌లో ఎనిమిది టీములు. ఏడు ఆఫీసులవీ ఫ్యాక్టరీలవీ, ఒక్కటి మాత్రం హుస్సేనీ ఆలం బస్తీ క్లబ్బు. బి డివిజన్‌లో మరో ఎనిమిది. ఎ డివిజన్‌లో ఆడిన పిల్లలకు సర్కారు కంపెనీల్లో నౌకరీలు దొరికేవి. బి డివిజన్‌లో ఎంత బాగా ఆడినా చూసే దిక్కు లేదు. పైవాళ్లు ఎన్ని మ్యాచులు ఓడినా పైనే ఉండేవాళ్లు, కిందివాళ్లు ఎన్ని గెలిచినా కిందనే. గౌలిపుర స్టార్స్ బి డివిజన్‌లో వరుసగా మూడేండ్లు మొదట వచ్చి, మూడేండ్లూ ఒక కప్పు చంకన పెట్టుకొని ఇంటికొచ్చారు.

అరవై ఏడులో లీగు మీటింగుకు పోయిన బాలనర్సింహ, ఎన్నడూ నోరు విప్పని మనిషి, లేచి నిలబడి ఒకే మాట అన్నాడు.

"ఆఖర్ల నిలిచినోడు కిందికి రావాలె, ఇక్కడ గెలిచినోడు పైకి పోవాలె. గట్ల లేకపోతె మేము ఆడుడెందుకు?"

ఆఫీసులవాళ్లు నవ్వారు. హుస్సేనీ ఆలం క్లబ్బు పెద్ద లతీఫ్ సాబ్ నవ్వలేదు. ఆ ఏడు ఎ డివిజన్‌లో అందరికంటే ఆఖర్న ఉన్నది ఆయన క్లబ్బే. ఆ రూలు వస్తే మొదట దిగేది తన పిల్లలేనని ఆయనకు తెలుసు. అయినా అందరికంటే ముందు లేచింది ఆయన చెయ్యి. ఆ చెయ్యి చూసి కిందివాళ్ల చేతులన్నీ, పైవాళ్లవి ఇంకో రెండూ లేచాయి, రూలు పాసయింది. వారం తిరక్కుండా హుస్సేనీ ఆలం దిగింది, గౌలిపుర ఎక్కింది. మర్నాడు లతీఫ్ సాబ్ షేర్వాణీ వేసుకొని నడుచుకుంటూ గౌలిపుర వచ్చి, పిల్లలందరితో చేతులు కలిపి, ఆండాలు ఇచ్చిన చాయ్ తాగి వెళ్లాడు. ఓడినవాడు దిగడం న్యాయమేనని, ఇన్సాఫ్ అంటే అదేనని, అందులో ఇజ్జత్ పోయేదేమీ లేదని అన్నాడు.

ఆ తర్వాత ఏడేండ్లు గౌలిపుర పైనే ఉంది. ఏడేండ్లలో తొమ్మిదిమంది పిల్లలకు నౌకరీలు దొరికాయి. నౌకరి దొరికినవాడు ఆ కంపెనీ టీముకే ఆడాలి కాబట్టి క్లబ్బు విడిచి పోయేవాడు. బాలనర్సింహకు అది బాధ కాలేదు. ఆయన కోరుకున్నదే అది. కానీ మంచోళ్లు ఒక్కొక్కరే పోతుంటే టీము ఏటికేడు సన్నబడింది. డెబ్బై నాలుగు వచ్చేసరికి మిగిలిన గట్టి ఆటగాడు కొండల్ ఒక్కడే.

కొండల్ ఆయన చెల్లెలు రాజమణి కొడుకు. రాజమణి మొగుడు పిల్లవాడికి తొమ్మిదేండ్లప్పుడే పోయాడు. మూడు బర్ల మీద ఆమె సంసారం లాక్కొచ్చింది. పిల్లవాడి కాలికి బంతి తగిలించింది మేనమామే. ఇరవై నాలుగేండ్లకు కొండల్ ఎంత ఆడేవాడంటే, ఒక సర్కారు కంపెనీ వాళ్లు అతని పేరు రాసుకొని, జూన్‌లో ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఒకటే షరతు. వచ్చే సీజన్‌కు ఎ డివిజన్ టీములో ఉన్నట్టు లీగు నుంచి సర్టిఫికెట్ తేవాలి. ఆఫీసు టీములు బయటివాళ్లను తీసుకోవు. కాబట్టి కొండల్‌కు ఆ కాగితం రావాలంటే గౌలిపుర పైన ఉండాలి. మరుసటేడు చూసుకుందామంటే వయసు దాటిపోతుంది.

సీజన్ ఆఖరి మ్యాచి బల్బుల ఫ్యాక్టరీ టీముతో పడింది. డ్రా అయినా చాలు, ఫ్యాక్టరీ టీమే ఆఖరు స్థానానికి పోయి దిగుతుంది. గౌలిపుర ఒక గోలు వెనకబడింది. ఇంకో రెండు నిమిషాలుందనగా కొండల్ కొట్టిన బంతి గోలు పైకమ్మీకి తగిలి వెనక్కి వచ్చింది. విజిల్ పడ్డాక కొండల్ చాలాసేపు అక్కడే గడ్డిలో కూర్చున్నాడు. బాలనర్సింహ పోయి చెయ్యి పట్టి లేపాడు.

గౌలిపుర ఆఖర్న నిలిచింది. బి డివిజన్‌లో ఆ ఏడు మొదట నిలిచింది హుస్సేనీ ఆలం.

నాలుగు రోజులకు బల్బుల ఫ్యాక్టరీ టీము మేనేజరు రామ్‌చందర్ డిపోకు వచ్చాడు. దిగుడు ఎక్కుడు రూలే ఈ ఏటినుంచే తీసేయాలని మీటింగులో తీర్మానం పెడుతున్నానని చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. తన బాధ తనకుంది. ఈ ఏడు తన టీము వెంట్రుకవాసిలో తప్పించుకుంది. వచ్చే ఏడు దిగితే పైఅధికారులు టీమునే మూసేస్తారు, ఆట పేరుతో తీసుకున్న పద్నాలుగుమంది పిల్లల్ని మిషన్ల మీదికి తోలుతారు, ఇక కొత్తవాళ్లను తీసుకోరు. ఓడిన టీముకు సాయం చేసి నిలబెట్టాలి గానీ, పడ్డవాణ్ని ఇంకా కిందికి తొక్కితే ఆట ఎట్లా బతుకుతుందని అడిగాడు. ఆ మాటలో తప్పేమీ బాలనర్సింహకు కనిపించలేదు.

"పదహారు క్లబ్బులల్ల ఎనిమిది నా దిక్కున్నయి" అన్నాడు రామ్‌చందర్. "నీదొక్కటి తొమ్మిదోది. సగం సగం అయితె ఉన్న రూలే నిలుస్తది. ఎత్తు అన్నా. నీ టీమే బతుకుతది."

బాలనర్సింహ ఆలోచిస్తానని చెప్పి పంపించాడు. సాయంత్రానికి ఆ సంగతి రాజమణికి తెలిసింది. ఆమె ఎప్పటిలాగే పాల చెంబు పట్టుకొని వచ్చి, ఆండాలు చేతికిచ్చి, అన్న ఎదురుగా కింద కూర్చుంది. ఏనాడూ అన్నను ఏదీ అడిగిన మనిషి కాదు. మొగుడు పోయినప్పుడు కూడా బర్లకు కొట్టం వేసివ్వమని మాత్రమే అడిగింది.

"ఒక్క ఏడన్నా" అన్నది. "ఆ కాయిదం వచ్చేదాక మీ టీము పైన ఉంటె సాలు. తర్వాత దిగినా ఏంగాదు. చెయ్యెత్తుతవా?"

"ఎత్తుత" అన్నాడు బాలనర్సింహ.

"నా మీద ఒట్టా?"

"ఒట్టే. ఫికర్ చెయ్యకు."

ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో మోసం లేదు. మీటింగు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఆబిడ్స్ దాకా బస్సులో పోతూ కూడా ఎత్తుదామనే అనుకున్నాడు. మేనల్లుడు తన చేతుల మీద పెరిగినవాడు. వాడికి చెయ్యకపోతే ఎవరికి చేస్తాడు.

లీగు ఆఫీసు మేడమీద ఒక పొడుగాటి గది. లతీఫ్ సాబ్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఏడేండ్లలో మనిషి బాగా వంగిపోయాడు. వెంట ఇద్దరు పడుచువాళ్లను తెచ్చుకున్నాడు, తన టీము కెప్టెనూ గోల్‌కీపరూ అట. ఇద్దరూ అత్తరు రాసుకొని, కొత్త చొక్కాలు తొడుక్కొని పెండ్లికి వచ్చినట్టు వచ్చారు. పైకి ఎక్కుతున్నామని రాసివ్వడం చూద్దామని వచ్చారు వాళ్లు. రూలు తీసేసే సంగతి వాళ్లకు అప్పటిదాకా తెలియదు. రామ్‌చందర్ లేచి తీర్మానం చదువుతుంటే, కెప్టెన్ పిల్లవాడు అర్థం కాక లతీఫ్ సాబ్ చెవిలో ఏదో అడిగాడు. ఆయన వాడి మోకాలి మీద చెయ్యి వేసి, చూపుతోనే ఊరుకోమన్నాడు.

బాలనర్సింహ ఆ పిల్లవాడినే చూశాడు. కొండల్ కంటే రెండేండ్లు చిన్న ఉంటాడేమో. వీడికి కూడా ఎక్కడో ఒక ఇంటర్వ్యూ ఉండే ఉంటుంది. వీడికి కూడా ఇంట్లో ఒక అమ్మ ఉండే ఉంటుంది.

అధ్యక్షుడు మాట్లాడేవాళ్లుంటే మాట్లాడమన్నాడు. ఒకరిద్దరు మాట్లాడారు. లతీఫ్ సాబ్‌ను కూడా అడిగారు. ఆయన లేవకుండానే, తను చెప్పాల్సింది ఏడేండ్ల కింద చెప్పేశానని ఉర్దూలో అన్నాడు. బాలనర్సింహ వైపు తిరిగి చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే, కండ్లతో బతిమాలి ఉంటే, చెయ్యి ఎత్తడం సులువయ్యేదని తర్వాత ఎన్నోసార్లు బాలనర్సింహకు అనిపించింది. లతీఫ్ సాబ్ కిటికీ బయట కరెంటు తీగల మీద పావురాలను చూస్తూ కూర్చున్నాడు.

తీర్మానానికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. రామ్‌చందర్ వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు. ఎనిమిది దగ్గర ఆగి, బాలనర్సింహ వైపు చూశాడు. బాలనర్సింహ చెయ్యి మోకాలి మీద ఉంది. ఎత్తాలనే అనుకున్నాడు. చెల్లెలి మొఖం కండ్ల ముందే ఉంది. కానీ చెయ్యి అది తనది కానట్టు అట్లనే ఉండిపోయింది. అధ్యక్షుడు రెండోసారి కూడా అడిగాడు. తర్వాత కాగితం మీద ఎనిమిదికి ఎనిమిది అని రాసి, ఉన్న రూలే నిలుస్తుందని చదివాడు.

మెట్లు దిగుతుంటే రామ్‌చందర్ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. కింద రోడ్డు మీద లతీఫ్ సాబ్ ఆయన కోసం ఆగి ఉన్నాడు. థాంక్సు చెప్పలేదు.

"తుమారా భాంజా?" అని అడిగాడు. నీ మేనల్లుడి సంగతేమిటని.

బాలనర్సింహ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. లతీఫ్ సాబ్ కొండల్‌ను తన టీములో రాసుకుంటానన్నాడు. బాలనర్సింహకు ఒక్క నిమిషం పాణం లేచివచ్చింది. అంతలోనే గుర్తొచ్చింది. టీములు మారే పేర్లు ఆగస్టులో గానీ రాయరు. ఇంటర్వ్యూ జూన్‌లో. ఆగస్టు వచ్చేసరికి వయసు దాటుతుంది. ఆ మాట చెప్పాక ఇద్దరూ బస్టాపులో పక్కపక్కన నిలబడ్డారు. రెండు బస్సులు పోయినా ఎవరూ ఎక్కలేదు.

ఇంటికి పోకుండా నేరుగా చెల్లెలి ఇంటికి పోయాడు. రాజమణి కొట్టంలో పాలు పిండుతోంది. ఆయన మొఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"అందరు ఎత్తలేదా?" అని అడిగింది.

"నేనెత్తలె" అన్నాడు.

ఆమె పిండడం ఆపలేదు. చెంబు నిండేదాకా పిండింది. దూడను విప్పి తల్లి దగ్గరికి వదిలింది. తర్వాత లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెల్లగా అన్నది.

"ఎత్తనని ముందే చెప్పకపోతివి. నేను నిన్ను ఏమందును? రెండ్రోజులు ఏడ్సి ఊకుందును. ఒట్టెందుకేసినవన్నా?"

ఆయన అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఆమె లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు.

మర్నాటి నుంచి కూడా రాజమణి పాలు తేవడం మానలేదు. కానీ చెంబు గడప మీద పెట్టి, లోపలికి రాకుండా, ఆండాలును కేకేసి వెళ్లిపోయేది. ఆండాలు ఎన్నిసార్లు చెయ్యి పట్టి లాగినా, బర్లకు కుడితి పెట్టాలని చెప్పి పోయేది. ఆ ఏడు బోనాలకు కూడా అన్న ఇంటినుంచి బోనమెత్తలేదు. పుట్టింటి బోనం ఎత్తని ఏడు ఆమెకు అదే మొదటిది. తన ఇంట్లోనే ఒక్కతే వండుకొని, ఒక్కతే నెత్తిన పెట్టుకొని, డప్పుల వెనక నడిచింది. బాలనర్సింహ గల్లీ మొగదల నిలబడి చూశాడు. ఆమె ఆయన ముందునుంచే పోయింది.

జూన్ ఇంటర్వ్యూకు కొండల్ సర్టిఫికెట్ లేకుండానే పోయాడు. మంచిగానే మాట్లాడి తిప్పి పంపారు. జూలైలో షోలాపూర్ పోయే లారీ మీద పనికి కుదిరాడు. పోయే ముందు రోజు మేనమామ కోసం డిపో గేటు దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ పక్కనున్న హోటల్లో కూర్చున్నారు. బాలనర్సింహ చాయ్ తాగలేకపోయాడు.

"నా మీద కోపమున్నదారా?" అని అడిగాడు.

"లేదు మామా" అన్నాడు కొండల్. "గోలు కొట్టనిది నేనే గదా. నీ జాగల నేనున్నా ఎత్తకపోదునేమో." కాసేపు కప్పును చేతిలో తిప్పాడు. "అమ్మ కాడికి మాత్రం పోతుండు. ఆమె మాట్లాడకున్నా పో. ఇంట్ల ఒక్కతే అయితది."

క్లబ్బు సంగతి కొండల్ మళ్లీ అడగలేదు. బాలనర్సింహ కూడా ఎత్తలేదు.

ఆగస్టులో బి డివిజన్‌కు పేర్లు రాసివ్వాల్సి వచ్చింది. ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ఏడుగురు దొరికారు. వాళ్లలో ఇద్దరు హుస్సేనీ ఆలంకు పోతామని, తప్పయితే మాఫ్ చెయ్యమని అడిగారు. పొమ్మని ఆయనే కాగితం మీద సంతకం పెట్టిచ్చాడు. మిగిలిన ఐదుగురితో టీము కాదు. గౌలిపుర స్టార్స్ ఈ ఏడు ఆడటం లేదని లీగుకు ఉత్తరం రాసి, తనే పోయి ఇచ్చి వచ్చాడు.

ఆనాటి నుంచి డిపో నుంచి రాగానే ఆయన పోయేది చెల్లెలి ఇంటికే. కొట్టంలో పేడ ఎత్తేవాడు, గడ్డి కోసేవాడు, నీళ్లు తోడేవాడు. రాజమణి వద్దనలేదు, రమ్మనలేదు. ఆయన పని చేస్తుంటే ఆమె తన పని తను చేసుకునేది. ఎప్పుడన్నా లారీ వచ్చిందని, కొండల్ వచ్చి తిని పోయాడని, బర్రెతో చెప్పినట్టు చెప్పేది. ఆయన వినేవాడు.

హుస్సేనీ ఆలం ఆ ఏడు ఎ డివిజన్‌లో ఆడిన మొదటి మ్యాచికి లతీఫ్ సాబ్ మనిషిని పంపి పిలిపించాడు. బాలనర్సింహ పోలేదు. ఆ పొద్దు రాజమణి పెద్ద బర్రెకు జ్వరం. గోనెపట్టా తడిపి దాని వీపు మీద కప్పుతూ, వెనకనుంచి చెల్లెలు నీళ్ల బకెట్ అందిస్తే అందుకుంటూ, చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు.