దక్షిణం గోడ మీది సర్దార్

పొద్దుగాల ఏడింటికి హాజరు మస్టర్ పడంగనే మల్లేష్ లైటు టోపి పెట్టుకొని బొగ్గుబాయి దిగేటోడు. ఆయన పెండ్లాం వినోద బాయి మీది ఆఫీసుల గ్యాసు తెర ముంగట కూసునేది. నస్పూర్ కాలనీల ఆడోళ్ళు "నీకేం పిల్లా, ఇద్దరు ఒక్క బండి మీద పోయి ఒక్క బండి మీద వస్తరు" అనేటోళ్ళు. వినోదకు మాత్రం ఆ నౌకరిల చేరిన కాన్నించి దినాం భయమే ఉండేది.

బాపు పోయినంక ఆయన జాగల వచ్చిన నౌకరి. చేరి రెండు నెలలు గూడ కాలే. భూమి కింద పద్నాలుగు జాగలల్ల విషగాలి ఎంతున్నదో తెర మీద అంకెలు పడుతయ్. గంటకోసారి చూసి రిజిస్టరుల ఎక్కియ్యాలె. ఏ జాగలనన్న యాభై దాటితే గంట మోగుతది. మోగంగనే కింద పని జూసే ఓవర్‌మెన్‌కు ఫోన్ కొట్టి మనుషులను మీదికి పిలువాలె. పని అంతే. గంత పనికే ఆమె ఒక్కొక్క అంకెను రెండుసార్లు చూసుకునేది. ఎందుకంటే ఆ పద్నాలుగింట్ల ఒకటి ఇరవై రెండో డిప్పు, బొగ్గు ఎంబడి కిందికి వాలుగ పోయే బాట. మల్లేష్‌తోని కలిపి పదకొండు మంది బొగ్గు తీసేది అక్కడనే.

తొమ్మిదిన్నరకు హనుమండ్లు ఛాయ్ తెచ్చేటోడు. ఒకప్పుడు ఆయన గదే బాయిల సర్దార్. నెత్తి మీది బాయి కప్పును తట్టి, గాలిని పసిగట్టి, ఇగ పోండ్రి అంటెనే మనుషులు లోపలికి అడుగు పెట్టేది. పదకొండేండ్ల కింద కప్పు కూలి, దక్షిణం దిక్కు బొగ్గు స్తంభానికి కాళ్ళు ఆనిచ్చి రెండు దినాలు అడ్డంగ ఇరుక్కున్నడు. బయటికి తీసి చూస్తే బొక్క ఒక్కటి విరగలే. మెడ మాత్రం కట్టె లెక్క బిగిసింది, నేల ఆయనకు దక్షిణం దిక్కు తిరిగింది. అప్పటి సంది దక్షిణం గోడల మీదనే నడుస్తడు. డాక్టర్లు బాయి దిగొద్దని మీద డ్యూటీ రాసిచ్చిండ్రు. ఇంట్ల ఆయన పెండ్లాం ఐలవ్వ గోడకు మంచం బిగిపిచ్చింది. గోడ లేని జాగల, గేటు కాడ, ఇద్దరు మనుషులు చెరొక రెక్క పట్టి దాటిస్తరు. విడిస్తే గోదావరి దాక పడిపోతడు మరి. కెటిలు ఆయన చేతిల ఉన్నంతసేపు ఛాయ్ గూడ గోడ దిక్కే ఉంటది కాబట్టి ఎవరి గ్లాసు వాళ్ళు వంచి పట్టుకోవాలె. కొత్తల వినోద రెండుసార్లు చీర మీద పోసుకుంది, ఇప్పుడు అలవాటైంది.

ఆ మంగళవారం కీబోర్డు మీద బొగ్గు దుమ్ము మందంగ పేరింది. తొమ్మిది దాటినంక వినోద తడిబట్ట తీసుకొని గట్టిగ ఒక్క రుద్దు రుద్దింది. తెర ఒక్క రెప్పపాటు నల్లగైంది. మళ్ళ వెలిగేసరికి అంకెలు, గీతలు అన్నీ కుడిదిక్కు తల పెట్టి పండుకున్నయ్.

వినోద చేతిల బట్ట కింద పడ్డది.

ఆమె మెడ వంచి చూసింది. కండ్లు తిరిగినయ్. మౌసు పట్టి కుడికి జరిపితే బాణం గుర్తు కిందికి పోయింది, మీదికి జరిపితే పక్కకు పోయింది. తెరనే ఎత్తి తిప్పుదామంటే బల్లకు ఇనుప పట్టీ ఏసి బోల్టులు బిగించిండ్రు. బంద్ చేసి మళ్ళ పెడదామంటే, షిఫ్టు నడుస్తుంటె బంద్ చేయొద్దని గోడ మీద ఎర్రక్షరాలతోని రాసి ఉన్నది. పోయిన నెల గట్ల బంద్ చేసినందుకే ఒకామెకు మెమో ఇచ్చిండ్రు. మంచిర్యాలల ఉండే సిస్టం మెకానిక్ జేమ్స్‌కు ఫోన్ చేసింది. ఎత్తలే. మళ్ళ చేసింది. ఎత్తలే. పక్క గదిల అసిస్టెంట్ మేనేజర్ సాంబయ్య గొంతు వినబడుతున్నది, ఎవరి మీదనో గరమైతుండు. వినోద లేచి తలుపు సప్పుడు కాకుండ దగ్గరికేసి వచ్చింది.

"బిడ్డా, ఛాయ్."

హనుమండ్లు కిటికీలకెల్లి లోపటి గోడ మీదికి అడుగు పెట్టిండు. బల్ల పక్కకు నడిచొచ్చి, కెటిలు ముంగటికి చాపి, అట్లనే నిలబడిపోయిండు. ఆయన మొఖం తెరకు సూటిగ ఉన్నది.

"ఇయ్యాల నిటారుగ పెట్టినవేంది?"

"నేనేం పెట్టలే పెద్దయ్యా. తుడుస్తుంటె తిరిగింది. సార్‌కు చెప్పకు, నీ కాల్మొక్త."

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. పదకొండేండ్లల్ల ఎన్నడూ ఆ తెరను ఆయన చదువలే. మెడ తిరగదు కదా. ఇప్పుడు ఒక్కొక్క గీత మీద వేలు పెట్టి చదువుకుంట పోయిండు. వేలు ఒక కాడ ఆగింది.

"ఇరవై రెండో డిప్పు. పాత పని మూసిన గోడ కాడ. పొద్దుగాల ఎంతుండె?"

వినోద రిజిస్టరు చూసింది. "ఏడింటికి ఆరు. ఎనిమిదింటికి తొమ్మిది. తొమ్మిదింటికి పదిహేను."

"ఇప్పుడు ఇరవై ఆరు."

"గంట యాభైకి మోగుతది పెద్దయ్యా. ఇంకా..."

"గంటకేం తెల్సు బిడ్డా?" ఆయన వేలు గీత మీదనే ఉన్నది. "గోడ ఎనక పాత బొగ్గు అంటుకున్నది. గీత జూడు, ఎట్ల ఒంగుతున్నదో. ముప్పై దాక గంటల లెక్కన ఎక్కుతది. ఆడికెల్లి నిమిషాల లెక్క. ఆ గాలికి వాసన ఉండది, రంగుండది. కూసున్నోడు కూసున్నట్టే నిద్రపోతడు. పిలువు వాళ్ళను."

వినోద ఫోన్ మీద చెయ్యి పెట్టింది. ఎత్తబుద్ధి కాలే. గంట మోగకుండ పిలిస్తే, ఛాయ్ పోసేటాయన చెప్పిండంటే ఎవరు నమ్ముతరు? తెర పాడు చేసుకొని, మొగన్ని మీదికి పిలుచుకున్నది అంటరు. నౌకరి పోతది. బాపు ముప్పై ఏండ్ల చెమట పోతది.

"ఇరవై ఎనిమిది," అన్నడు హనుమండ్లు.

ఆమె ఫోన్ ఎత్తింది. కింద ఓవర్‌మెన్ పర్శరాములు పలికిండు.

"అన్నా, ఇరవై రెండో డిప్పుల గ్యాసు. అందరిని తీసుకొని మీదికి రండ్రి."

"గంట మోగిందా చెల్లె?"

వినోద కండ్లు మూసుకుంది. "మోగింది."

ఫోన్ పెట్టేసేసరికి సాంబయ్య తలుపుల నిలబడి ఉన్నడు. మోగని గంట దిక్కు చూసిండు, ఒరిగిన తెర దిక్కు చూసిండు.

"ఏం చేసినవమ్మా? ఎవరిని అడిగి పిలిచినవ్? అబద్ధం చెప్పి పని ఆపుతవా?"

వినోద తెర మీది గీత చూపెట్టబోయింది. అప్పుడే జేమ్స్ ఫోన్ వచ్చింది. ఆమె గబగబ సంగతి చెప్పింది. "గంతేనా అక్కా! కంట్రోల్, ఆల్ట్ రెండు పట్టుకొని మీది బాణం కొట్టు. పక్క బాణం తగిలితే పక్కకు పంటది," అన్నడు. కొట్టింది. తెర నిటారుగైంది. ఎంత అల్కగ ఒడిసింది! కానీ ఆ తేలిక మనసుకు తాకేలోపే సాంబయ్య మొఖం తెల్లబడ్డది.

ఇరవై రెండో డిప్పు కాడ ముప్పై ఏడు.

వాళ్ళు చూస్తుండంగనే నలభై ఒకటి. నలభై ఎనిమిది. గంట మోగింది, గది అదిరేటట్టు. ఇంకో రెండు జాగలల్ల గూడ అంకెలు కదిలినయ్. పర్శరాములు దారిల ఉన్న ఫోన్ కాడికి వచ్చి అరుస్తుండు: "ఎటు రావాలె? బొగ్గు మోసే బెల్టు తొవ్వనా, పాత తొవ్వనా?"

సాంబయ్య అంకెలు చదువ చూసిండు. పద్నాలుగూ మారుతున్నయ్. ఏది దేని పక్కదో ఆయనకు అందలే. గోడ దిక్కు తిరిగిండు.

"సర్దార్, నువ్వు చూడు."

"నాకు తెర పండుకున్నది సార్. మెడ తిరగదు."

సాంబయ్య నెమ్మదిగ అన్నడు, "మళ్ళ పక్కకు తిప్పు వినోదా."

ఆమె పక్క బాణం కొట్టింది. అంకెలు కుడిదిక్కు ఒరిగి, హనుమండ్లు ముంగట నిలబడ్డయ్. ఆయన కెటిలును సాంబయ్య చేతిల పెట్టి తెర మీదికి ఒంగిండు.

"బెల్టు తొవ్వ వద్దు. విషగాలి అటే తిరిగింది. పాత తొవ్వన రమ్మను. దూరమైతది, అయినా సరే. ఎవ్వలు కూసోవద్దు. ఒకని నడుం ఇంకొకడు పట్టుకోవాలె."

ఆయన చెప్తుంటె వినోద ఫోన్‌ల చెప్పింది. ప్రతి ఫోన్ కాడ పర్శరాములు పలికేదాక ఫోన్ చెవికి ఆనిచ్చే ఉంచింది. ఒక కాడ పావుగంట పలకలే. ఆ పావుగంటల సాంబయ్య కెటిలు కింద పెట్టుడు మరిచి రెండు చేతులతోని పట్టుకొనే నిలబడ్డడు. హనుమండ్లు "నడుస్తుండ్రు బిడ్డా, ఆడ ఎత్తు ఎక్కుడున్నది, నడుస్తుండ్రు" అనుకుంటనే ఉన్నడు, వేలు మాత్రం తెర మీదకెల్లి తీయలే.

పదకొండు దాటినంక బాయి మూతి కాడ మనుషులు కనబడ్డరు. ఒకరి నడుం ఒకరు పట్టుకొని, గుడ్డోళ్ళ లెక్క వచ్చిండ్రు. ఒకడు వాంతి చేసుకున్నడు. వినోద లెక్కపెట్టింది. పది. మళ్ళ లెక్కపెట్టింది. పది. ఆమె తలుపు పట్టుకుంది. అందరెనుక పర్శరాములు ఒకరిని భుజాన ఏసుకొని వచ్చిండు. భుజం మీదున్నది మల్లేష్. కండ్లు తెరిచే ఉన్నడు.

నీళ్ళు తాపి, గాలి పట్టి, మనిషి కూసునేసరికి మధ్యాహ్నమైంది. దవాఖాన బండి ఎక్కిచ్చే ముందు వినోద జరిగింది చెప్పంగనే మల్లేష్ ఒక్కసారి తెర ఉన్న గదిలకు పోవాలన్నడు. వినోద రెక్క పట్టుకొని తీసుకొచ్చింది. హనుమండ్లు ఇంకా తెర ముంగటనే ఉన్నడు. మల్లేష్ ఆయన మొఖం చూడనీకి మెడ వంచిండు, సరిపోలే. అక్కడున్న బల్లపీట మీద దక్షిణం గోడకు పాదాలు ఆనిచ్చి ఎల్లెలకల పండుకున్నడు. అప్పుడు ఇద్దరు ఒక్క నేల మీద పక్కపక్కన నిలబడ్డట్టు ఉన్నరు.

"పెద్దయ్యా, మేమున్న కాడ ఇప్పుడెంత?"

హనుమండ్లు వినోద దిక్కు చూసిండు, చెప్పాల్నా వద్దా అన్నట్టు. ఆమె తల ఊపింది.

"తొమ్మిది వందలు దాటింది బిడ్డా."

మల్లేష్ పండుకున్న కాన్నుంచే మోకాళ్ళు ముడిచి, చెయ్యి చాపి ముసలాయన పాదం పట్టుకున్నడు, కొండ అంచున ఉన్నోడు వేరు పట్టుకున్నట్టు. దవాఖాన బండి హారన్ కొడుతున్నా విడువలే.