సముద్రపు ఆవుకు పొదుగెక్కడ?

పాలు తీసే పంపు విడిభాగాల్ని ఆమె మరిగే నీళ్ళలో వేస్తుంటే అత్తగారు వెనకనుంచి అన్నారు: "ఆ చచ్చిన జంతువుని కోసిన చేతులతోనే పిల్లని ఎత్తుకుంటావా అమ్మా?"

"చేతులకి తొడుగులుంటాయి అత్తయ్యా."

"ఉంటే మాత్రం?"

'ఉంటే మాత్రం'కి ఏ శాస్త్రంలోనూ జవాబు లేదు. ఆమె పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణం బోధిస్తుంది. పిల్లకి ఐదు నెలలు రాగానే ఉద్యోగంలో మళ్ళీ చేరింది. ఆ వారంలోనే, అక్వేరియంలో ముసలిదై చనిపోయిన మానటీ, అదే సముద్రపు ఆవు, పన్నెండుమంది మోసుకురాగా ఆమె బల్లమీదికి చేరింది. పాలగ్రంథులు, చర్మగ్రంథులు ఆమెకే అప్పగించారు శాఖాధిపతి. "ఆడవాళ్ళ సబ్జెక్టు కదా" అన్నారు, పెద్ద వరమిచ్చినట్టు.

రెండు నెలలు కోసింది, పలచటి పొరలు తీసింది, బొమ్మలు గీసింది. పాలు గడ్డకట్టి రొమ్ము సలిపినప్పుడల్లా స్పెసిమెన్ల గదిలో దూరేది. దాని గడియ ఊడిపోయింది కనుక కుర్చీ తలుపుకి ఆనించి, ఆ కుర్చీలో తనే కూర్చుని, సీసాల్లో తేలే పిండాల ఎదుట పంపు పెట్టుకునేది. ఒకనాడు సూక్ష్మదర్శినిలో ఆ తోలంతా గాలించినా చెమటగ్రంథి ఒక్కటీ కనబడలేదు. 'నేను బయట చెమటోడుస్తుంటే నువ్వు ఏసీ గదిలో ఉంటావు' అని భర్త అనే మాట గుర్తొచ్చింది. పాపం, ఈ తల్లి ఎంత చాకిరీ చేసినా చూపించుకోవడానికి చెమటచుక్కైనా లేదు కదా అనుకుని, ఒక్కతే నవ్వుకుంది.

ఆమె రాసిన వ్యాసం చదివి శాఖాధిపతి ఇబ్బందిగా కదిలారు. "చనుమొన అనొద్దమ్మా. సభలో పెద్దలుంటారు. పోషకావయవం అని మార్చు. చంక కూడా బాగాలేదు. పూర్వాంగ మూలం అందాం."

ఇరవై తొమ్మిది చోట్ల మార్చింది.

"సభలో నేనే చదువుతాలే. చంటిపిల్ల తల్లివి, నీకెందుకు శ్రమ?"

రెండు నెలలు కోసినప్పుడు ఎవరికీ గుర్తురాని చంటిపిల్ల, పదిహేను నిమిషాలు మాట్లాడాల్సి వచ్చేసరికి గుర్తొచ్చింది. ఆమెకి మాట నాలుక చివరిదాకా వచ్చి, అలవాటు చొప్పున వెనక్కి వెళ్ళిపోయింది.

సభరోజు పిల్లని చూసుకుంటానన్న భర్త అరగంటకల్లా హాల్లోకి వచ్చాడు. "ఆకలనుకుంటా. నాకు ఫోనొస్తోంది. నువ్వెటూ వెనక ఖాళీగానే కూర్చున్నావుగా" అని పిల్లని ఒళ్ళో పెట్టి వరండాలోకి నడిచాడు. ఆమె శాలువా కప్పుకుని పాలివ్వసాగింది.

వేదికమీద శాఖాధిపతి, పోషకావయవాలు పూర్వాంగ మూలంలో ఉంటాయని గంభీరంగా చదివారు. ముందు వరసలోంచి అక్వేరియంలో పనిచేసే పెద్దావిడ లేచింది. "అంటే ఎక్కడండీ?"

ఆయన పాయింటరు వెలుగు బొమ్మమీద పొట్ట కిందికి పాకింది. ఆవన్నాక పొదుగు అక్కడే ఉండాలి కదా.

"అక్కడేమీ ఉండవు సార్. ఇరవయ్యేళ్ళు తోమాను దాన్ని."

ఎర్రచుక్క తోకదాకా వెళ్ళింది, మళ్ళీ పొట్టమీదికి వచ్చింది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, సరిగ్గా అదే. చివరికి ఆయన వెనక వరసకేసి చూశారు. "మా అమ్మాయి చెబుతుంది."

పిల్లని తీస్తే ఏడుస్తుంది. తీయకుండానే ఆమె వేదికెక్కింది. మైకు ముందు నిలబడి ఖాళీ చెయ్యి పైకెత్తింది.

"ఇక్కడండీ. చంకలో. ముందున్న తెడ్డులాంటి చేతి వెనక. అటొకటి, ఇటొకటి, రెండే చనుమొనలు. తల్లి ఈదుతుంటే పిల్ల పక్కన చేరి నీళ్ళలోనే తాగుతుంది."

పైకప్పు కూలలేదు. పెద్దలు ఆ మాటని శ్రద్ధగా రాసుకున్నారు, ఒకాయన వర్ణక్రమం కూడా అడిగారు. పదిహేను నిమిషాలు నలభై అయ్యాయి. పిల్ల మధ్యలోనే నిద్రపోయింది.

"మనం బాగా చెప్పాం" అన్నారు శాఖాధిపతి మెట్లు దిగుతూ.

"అచ్చుకి పంపేటప్పుడు పేర్ల వరస మారుస్తాను సార్. నాది ముందుంటుంది. చనుమొనలు, చంకలు కూడా వెనక్కి వచ్చేస్తాయి, ఇరవై తొమ్మిదీ."

ఆయన దగ్గారు. కాదనలేదు. నలభై నిమిషాలు విన్నవాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు మరి.

పెద్దావిడ తలుపు దగ్గర కాచుకుని ఉంది. "ఇంకొకటి ఈనింది మా దగ్గర. నాలుగు రోజులు వచ్చి చూస్తారా అమ్మా?"

ఆమె ఇంతవరకూ బతికున్నదాన్ని చూడనేలేదు.

ఇంటికొచ్చాక ఆ సంగతి చెప్పింది. "నాలుగు రోజులా? పిల్లో?" అన్నాడు భర్త.

"నేను చూస్తాలే" అన్నారు అత్తగారు, నడుం పట్టుకుని లేస్తూ.

"మీరు కూర్చోండి అత్తయ్యా, ఆయన చూసుకుంటారు."

"నేనా? నాకు పాలెక్కడివి?"

"పాలు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తానండీ" అంది ఆమె. "సీసా పట్టుకోవడానికి చేతులు చాలు."