పూరీ గేటులో ఆగిన ఓడ

ఆ ఏడు ఖరగ్‌పూర్‌లో పూరీ గేటు పేట దుర్గా పూజ కమిటీ వాళ్ళు పందిరిని ఓడలా కట్టాలని తీర్మానించారు. అదీ మామూలు ఓడ కాదు, కరీబియన్ సముద్రంలో షికారు తిరిగే ఓడ. పక్క పేటల వాళ్ళు కోటలూ గుహలూ కట్టి ఏటా బహుమతులు పట్టుకుపోతుంటే కళ్ళు మండిన ఫణీంద్ర, గోల్‌బజారులో బట్టల కొట్టు వాళ్ళబ్బాయి, ఫోనులో ఆ ఓడ వీడియో చూపించాడు. అందులో జనం కుర్చీల్లో వెనక్కి వాలి, నల్లద్దాలు పెట్టుకుని, రంగురంగుల షర్బతు తాగుతూ, కడుపులో చల్ల కదలకుండా పడున్నారు. వీళ్ళంతా ఎక్కడికి పోతున్నారని కమిటీ పెద్దలు అడిగారు. ఎక్కడికీ పోరు, ఎక్కిన చోటే దిగుతారు, మధ్యలో హాయిగా ఉంటారు, అంతే అన్నాడు ఫణీంద్ర. టైముకి చేరడమే పుణ్యమని బతికిన రైల్వే మనుషులకి ఆ ప్రయాణం బొత్తిగా అర్థం కాలేదు. అయినా ఒప్పుకున్నారు.

ఒప్పుకుని ఊరుకుంటే బాగుండేది. పందిరి మేస్త్రీలు వెదుళ్ళూ గుడ్డా కట్టి ఓడ ఆకారం నిలబెట్టి వెళ్ళగానే, వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసి రిటైరైన దండు లోపలికి చేరింది. ఆ దండుకి నాయకుడు కమిటీ అధ్యక్షుడు జగ్గారావు. వాళ్ళ పని పూర్తయ్యేసరికి ఓడ కిటికీలకి అడ్డంగా కమ్మీలొచ్చాయి, గదుల మీద బెర్తు నంబర్లు పడ్డాయి. పై అంతస్తులో, అమ్మవారి వేదికకి ఎదురుగా వేసిన కుర్చీ పక్కన ఎర్ర చైను వేలాడింది. అది లాగితే డీజిల్ ఇంజను హారను మోగుతుంది. నడిసముద్రంలో చైను లాగి ఎవరు ఎక్కడ దిగుతారని ఫణీంద్ర నెత్తి కొట్టుకున్నాడు. చైను లేని బండిలో జనాన్ని ఎక్కించడం తన వల్ల కాదన్నాడు జగ్గారావు.

జగ్గారావు భార్య సింహాచలమ్మకి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. ఆవిడ చోటు పందిరి వెనకాల, పొయ్యిల దగ్గర. పెళ్ళై ఖరగ్‌పూర్ వచ్చిన ఏటి నుంచీ పూజ జరిగే రోజులన్నీ ప్రసాదం పులిహోర ఆవిడ చేతి మీదే నడుస్తోంది. ప్రసాదం కాబట్టి ముందుగా రుచి చూడకూడదు. ఉప్పు గుప్పిట్లో పట్టి వేస్తే అదే సరిపోవాలి, ఆవిడ వేస్తే సరిపోయేది, అందరూ మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోళ్ళే ఆవిడ కొంప ముంచాయి. ఎవరికీ ఇంకొకరిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టాలని తోచలేదు.

దానితో సింహాచలమ్మకి పండగ వినబడేదే గాని కనబడేది కాదు. ఢాక్ డోళ్ళు వాయిస్తే హారతి మొదలైందనీ, శంఖం ఊదితే అయిపోయిందనీ తెలుసుకునేది. ప్రసాదం గుండిగలు లోపలికి అందించే సందులోంచి తొంగిచూస్తే అమ్మవారి వీపు కనిపించేది. వీపంటే రంగు పడని మట్టీ, గడ్డీ, వెదురు బద్దలూ. జనం పల్చబడ్డాక ముందుకి వెళ్ళి దణ్ణం పెట్టుకునే మాట నిజమే, కాని అప్పటికి పెద్ద దీపాలు ఆర్పేసేవారు. వచ్చే ఏడు ముందు వరసలో కూర్చుని హారతి చూద్దువుగాని అని ఏటా చెప్పేవాడు జగ్గారావు. వచ్చే ఏడూ వచ్చేది, పులిహోరా వచ్చేది. ఆ సంగతి మీద ఆవిడకి ఎంత కోపముందో మొగుడికి తెలియదు. పొయ్యికి తెలుసు.

సరిగ్గా అష్టమి పొద్దున ఓడకి ఆపద వచ్చిపడింది. పై అంతస్తు కుర్చీలో యాత్రికురాలిగా వాలి కూర్చోవడానికి ఊళ్ళోనే ఇందా అనే పేట నుంచి రావలసిన నాటకాల అమ్మాయికి జ్వరం తగిలింది. సాయంత్రం హారతి వేళకి బహుమతులిచ్చే జడ్జీలు వస్తారు. ఖాళీ కుర్చీ ఉన్న ఓడని ఓడ అనరు, గోడౌను అంటారని ఫణీంద్ర గోల పెట్టాడు. పేటలో కోడళ్ళని అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. అత్తగార్ల కళ్ళ ముందు, అంత ఎత్తున, కాళ్ళు చాపుకుని పడుకునే గుండె ఎవరికుంది?

చివరికి జగ్గారావు పొయ్యిల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ఒక్క గంట. ఊరికే కుర్సీలో కూకోడమే, పనేటీ నేదు,” అన్నాడు.

“మరి పులిహోర?”

“నాను సూసుకుంటాను.”

అక్కడ పని సాయం చేస్తున్న ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. సింహాచలమ్మ మాత్రం ఆ మాట వెనక్కి తీసుకునే వ్యవధి ఆయనకివ్వకుండా చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఫణీంద్ర ఆవిడ తల మీద గడ్డిటోపీ పెట్టి, కళ్ళకి నల్లద్దాలు తగిలించి, చేతికి ఎర్ర షర్బతు గ్లాసిచ్చి పైకెక్కించాడు. ఆవిడ కుర్చీ అంచు మీద, రైల్వే ఆస్పత్రిలో చీటీ పట్టుకుని కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. వెనక్కి వాలండి పిన్నీ అని అతను కింద నుంచి బతిమాలాడు. వాలితే కుర్చీ కిర్రుమంది, ఆవిడ ఉలిక్కిపడి మళ్ళీ లేచి కూర్చుంది. పని చెయ్యడం వచ్చు గాని ఊరికే ఉండడం ఆవిడకి ఎవరు నేర్పారు గనక? అంత ఎత్తు నుంచి చూస్తే లోకంలో తప్పులన్నీ ఒక్కసారే కనిపించాయి. ఎవరో చంటిదాని చెప్పు జారిపోయింది. ఎవరో వరస తప్పి ముందుకి దూరుతున్నాడు. ఓ దాదా, లైనులో రా అని ఆవిడ గదిమేసరికి ఆ పెద్దమనిషి తలెత్తి, టోపీ పెట్టుకున్న దొరసానిని చూసి, నోరెళ్ళబెట్టి వెనక్కి పోయాడు.

“పిన్నీ, మీరు హాలిడేలో ఉన్నారు,” అన్నాడు ఫణీంద్ర చేతులు జోడించి.

“హాలిడే అయితే కళ్ళు కనపడవేటి?” అంది ఆవిడ.

ఇంతలో సింహాచలమ్మని ఓడ మీద చూడాలని పొయ్యి దగ్గర ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు పందిరి ముందుకి వచ్చేశారు. ఆవిడ లెక్కపెట్టుకుని చూసి, అయితే వెనకాల ఎవరున్నట్టు అనుకుని అటు తిరిగింది. అమ్మవారి వేదిక పక్కగా వంటచోటు మొత్తం కనిపిస్తోంది. జగ్గారావు ఒక్కడే ఉన్నాడు. నెత్తికి తువ్వాలు చుట్టి, పంచె ఎగ్గట్టి, పులుసులో ఉప్పు వేశాడు. ఎవరో పిలిస్తే అటు వెళ్ళి మాట్లాడి వచ్చాడు. వచ్చి మళ్ళీ ఉప్పు వేశాడు. ఈలోపు అన్నం గుండిగ మీద ఆవిరి కాస్తా నల్లపొగగా మారింది.

చెయ్యి దానంతటదే ఎర్ర చైను మీదికి పోయింది. లాగితే చాలు, హారను మోగుతుంది, ఆ మనిషి ఇటు చూస్తాడు, తను రెండంగల్లో దిగిపోవచ్చు. అన్నం దక్కుతుంది. అప్పుడే ఢాక్ మోగింది, జడ్జీలు లోపలికొచ్చారు, హారతి వెలిగింది.

సింహాచలమ్మ నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. ఎదురుగా అమ్మవారు. చెవుల దాకా సాగిన కళ్ళు, ముక్కున పెద్ద నత్తు, పెదవుల మీద ఏదో కొంటెతనం. ఇన్నేళ్ళూ తన పొయ్యికి వీపు తిప్పి కూర్చున్న తల్లి ఇదేనా? ఇంత నవ్వు ముందర పెట్టుకుని వెనకవైపు నాకు గడ్డి చూపించావా అని ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఇప్పుడు దిగితే మళ్ళీ ఎక్కేది లేదని ఆవిడకి బాగా తెలుసు. వచ్చే ఏడు అన్నది ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

చైను వదిలేసింది. వెనక్కి వాలింది. కుర్చీ కిర్రుమన్నా లేవలేదు. మాడు వాసన గుప్పుమని ముక్కుకి తగిలింది. అది ఎంత అన్నమో, ఎంత లోతుకి మాడిందో వాసనే చెబుతోంది. ఆవిడ షర్బతు ఒక గుక్క తాగి కాళ్ళు బారచాపుకుంది. హారతి పళ్ళెం తిరిగినంతసేపూ అమ్మవారి ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. బతుకులో మొదటిసారి ఆవిడకి హాయి అంటే ఏమిటో తెలిసింది.

జడ్జీల్లో పెద్దావిడ తలెత్తి అలాగే నిలబడిపోయింది. చాలా నాటకాలు చూశాను గాని ఇంత తీరుబడి ముఖంలో చూపించిన నటిని చూడలేదు, ఎక్కణ్ణుంచి తెచ్చారని బెంగాలీలో అడిగింది. ఇందా నుంచి అన్నాడు ఫణీంద్ర, రెప్ప వాల్చకుండా.

శంఖం ఊదారు, నైవేద్యం అయింది, జడ్జీలు ప్రసాదం పొట్లాలు పట్టుకుని వెళ్ళిపోయారు. మీసానికి పసుపూ మోచేతికి మసీ పూసుకుని జగ్గారావు ఓడ కిందికొచ్చాడు.

“ఇంక దిగు. అయిపోనాది,” అన్నాడు.

“ఆకలేస్తంది. ఇక్కడికే అట్టుకురా,” అంది పై నుంచి.

జగ్గారావు చుట్టూ చూశాడు. పూరీ గేటు మొత్తం ఆయన్నే చూస్తోంది. కమిటీ అధ్యక్షుడు విస్తరాకులో పులిహోర వడ్డించుకుని, ఇంకో చేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, వెదురు మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. ఆవిడ కళ్ళకద్దుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పులిహోర నాలుక మీద ఉప్పురాయిలా ఉంది, మధ్యమధ్య మాడు పలుకులు కరకరమంటున్నాయి. తిట్టడానికి ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదు. జగ్గారావు కూడా తిట్లకి సిద్ధపడే, తల వంచుకుని నిలబడ్డాడు.

ఆవిడ రెండో ముద్ద కూడా తిని, నీళ్ళు తాగి, గ్లాసు ఆయన చేతికి తిరిగిచ్చింది.

“రేపు ఉప్పు కొంచెం తగ్గించు మావా,” అంది.

“రేపా?” అన్నాడు జగ్గారావు. అడుగు వెనక్కి వేసి, మెట్టు తప్పి, పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చెయ్యి చాపితే ఎర్ర చైను దొరికింది. పూరీ గేటంతా అదిరేలా హారను మోగింది. సింహాచలమ్మ నల్లద్దాలు కళ్ళ మీదికి దించుకుంది గాని కుర్చీలోంచి కదల్లేదు.