మూడో మడచెట్టు

మాణిక్యాంబ నడుము లోతు నీళ్ళలో వంగి, మడవేళ్ళ సందుల్లో రెండు చేతులూ బురదలోకి దూర్చి వెతుకుతోంది. నడుముకు కట్టిన తాడు చివర సత్తు తపేలా ఆవిడ వెనకే తేలుతూ వస్తోంది. రొయ్య తగలగానే వేళ్ళు మూసుకుంటాయి. వెనక్కి చూడకుండానే దాన్ని తపేలాలో పడేస్తుంది. నలభై ఏళ్ళ అలవాటు.

"అత్తా, ఆఫీసాయనొచ్చారు" అని కోడలు వెంకటదుర్గ పడవలోంచి కేకేసింది.

"రానీ. నాకోసం ఆటు ఆగుద్దా ఏంటి? నీళ్ళు తీస్తున్న ఈ కాసేపేగా రొయ్య దొరికేది."

శ్యాంబాబు గారు పడవలోనే కూర్చుని కాగితాలు తీశారు. ఈ పాయ మీద ఊరి ఆడవాళ్ళకు హక్కు కావాలని గ్రామసభ పెట్టిన అర్జీకి ఇవాళే ఆఖరు. మూడు తరాలుగా ఇక్కడే బతుకుతున్నామని ఊరి పెద్దావిడ చెప్పి వేలిముద్ర వెయ్యాలి. లేదంటే ఈ మడ కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వేస్తారు.

"మూడు తరాలకీ రుజువేంటమ్మా?"

మాణిక్యాంబ తడిచేత్తో ఒడ్డు చూపించింది. కాపురానికొచ్చిన ఏడాది ప్రతి కోడలిచేతా అత్త ఒక మడమొక్క నాటిస్తుంది.

"ఆ లావుపాటిది మా అత్తగారి అత్తదండి. పక్కది మా అత్తది. మూడోది నాది. ఆ మోకాలెత్తుది దీనిది. దీనిలాగే, ఎదగడానికి బద్ధకం."

దుర్గ మూతి తిప్పింది.

ఆయన అంతా రాసుకుని సిరాపెట్టె చాపారు. వేలు నొక్కితే నల్లటి మచ్చ పడింది గానీ గీతలు పడలేదు. పొద్దుట్నుంచీ నీళ్ళలో నాని వేళ్ళు ముడతలు పడిపోయాయి.

"ఇది చెల్లదమ్మా. గంటసేపు నీళ్ళు ముట్టుకోకండి."

"ఈలోగా ఆటు అయిపోద్ది కదండి."

"ఒక్క పూటకి కూర్చో అత్తా" అంది దుర్గ.

ఒడ్డుకొచ్చి, నడుముకున్న తపేలా తాడు విప్పి తన చెట్టు వేరుకు కట్టి, మాణిక్యాంబ మొదలుకు చేరగిలబడింది. అరచేతులు ఒళ్ళో పరుచుకుంది. ఆటువేళ ఊరికే కూర్చోవడం కొత్తగా ఉంది. ఎడమచెయ్యి పొద్దుట్నుంచీ లాగుతోందన్న సంగతి కూర్చున్నాకే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

గంట తర్వాత ముద్ర స్పష్టంగా పడింది. గీతలన్నీ పాయల్లా విడివిడిగా ఉన్నాయి. ఆవిడ దాన్ని కాసేపు చూసుకుంది.

"ఆయన్ని రేవులో దింపిరా. నేనిక్కడే ఉంటాను."

దుర్గ గెడ వేసి పడవ నడుపుకుంటూ తిరిగొచ్చేసరికి అత్త కళ్ళు మూసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. సిరా అంటిన బొటనవేలు చల్లగా తగిలింది.

పోటు మొదలైంది. బురదకు ఆనుకుని ఉన్న తపేలా మెల్లగా లేచి, మూడో చెట్టు వేరుకు కట్టిన తాడు మేర తేలుతోంది. లోపల రొయ్యలు ఇంకా కదులుతున్నాయి.